కొలత టేపు, సరిహద్దు గీత: గెర్ట్రూడ్ బెల్ మిగిల్చిన వారసత్వం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవమంటే బడి ముచ్చట్లు చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. "ముప్పై ఏండ్లు చరిత్ర పాఠం చెప్పినదానివి, పిల్లలకు, పెద్దలకు పనికొచ్చే పాఠం ఒకటి చెప్పు" అన్నారు నిర్వాహకులు. అందుకని ఇవాళ ఒక స్త్రీ గురించి మాట్లాడతాను. ఆమె ఓరుగల్లు మనిషి కాదు, మన దేశం మనిషీ కాదు. కానీ ఆమె కథ విన్నాక మన కోటను, మన రామప్పను, మన ఊరి చివర పడి ఉన్న రాతిని ఇంకో కంటితో చూస్తారని నా నమ్మకం. ఆమె పేరు గెర్ట్రూడ్ బెల్.

1868 జూలై 14న ఉత్తర ఇంగ్లండులోని డరమ్ ప్రాంతంలో ఆమె పుట్టింది. తాత ఇనుము, ఉక్కు పరిశ్రమలో పేరుమోసిన ధనవంతుడు. మూడేళ్ల వయసులోనే తల్లి పోయింది. ఆక్స్‌ఫర్డులో చదివి 1888లో ఆధునిక చరిత్రలో ప్రథమ శ్రేణి సాధించింది. ఆ సబ్జెక్టులో అక్కడ ఆ స్థాయి అందుకున్న మొదటి స్త్రీ ఆమే. చిత్రమేమిటంటే, ఆ విశ్వవిద్యాలయం అప్పట్లో ఆడవాళ్లను పరీక్ష రాయనిచ్చేది గానీ పట్టా ఇచ్చేది కాదు. పట్టాలివ్వడం 1920లో మొదలైంది. ఈ సభలో డిగ్రీలున్న అక్కచెల్లెళ్లు ఎంతమందో ఒక్కసారి చుట్టూ చూడండి. ఆ రోజుల నాటి ఆక్స్‌ఫర్డులో మనకు ఏ గౌరవం దక్కేదో అర్థమవుతుంది.

1892లో ఆమె పర్షియా వెళ్లింది. పారశీకం నేర్చుకుని హాఫిజ్ కవితలను ఇంగ్లీషులోకి తెచ్చింది. అరబ్బీ నేర్చుకుంది. ఆల్ప్స్ పర్వతాలెక్కింది. 1903 జనవరిలో కర్జన్ ప్రభువు ఢిల్లీలో జరిపిన దర్బారుకు తమ్ముడితో కలిసి వచ్చింది. మన రాజులు, నవాబులు బారులుతీరి నిలబడిన ఆ దర్బారును ఆమె కళ్లారా చూసింది. ఒక గద్దె మీద దేశీయుడైన రాజును కూర్చోబెట్టి, వెనక నుంచి పగ్గాలు పట్టుకోవడం ఎలాగో బ్రిటిష్‌వాళ్లు మన దేశంలో బాగా సాధన చేశారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

తర్వాత ఆమెకు శిథిలాల మీద మనసు పడింది. 1907లో విలియం రామ్సే అనే పండితుడితో కలిసి నేటి టర్కీలోని బిన్‌బిర్‌కిలిసేలో పాత చర్చీల శిథిలాలను తవ్వి, కొలిచి, 1909లో పుస్తకం వేసింది. అదే ఏడాది ఒంటెల మీద ఎడారి దాటుతూ కర్బలా సమీపాన ఉఖైదిర్ అనే పెద్ద కోట లాంటి రాజభవనాన్ని చేరింది. అది అబ్బాసీల కాలం నాటిది. అక్కడ గుడారం వేసుకుని గోడ గోడా కొలిచింది, ఫొటోలు తీసింది, నక్షా గీసింది. ఒక పక్క టేపు పట్టుకోవడానికి స్థానిక అరబ్బు మనుషులు సాయం వచ్చారు. శత్రువుల భయంతో వాళ్లు భుజాన తుపాకీలు దించేవాళ్లు కాదు. టేపు పోయి తుపాకీ గొట్టానికి చుట్టుకునేదని ఆమె విసుక్కుంటూ ఇంటికి ఉత్తరం రాసింది.

ఉఖైదిర్ మీద ఆమె పెద్ద పుస్తకం 1914లో వచ్చింది. ఈలోగా జర్మన్ పండితులు అక్కడికెళ్లి 1912లోనే తమ పుస్తకం తెచ్చారు. అయినా ఆమె పని విలువ తగ్గలేదు. ఆమె తీసిన వేలాది ఫొటోలు ఇవాళ న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. తర్వాత కూలిపోయిన కట్టడాలు కొన్ని ఆ ఫొటోల్లోనే మిగిలాయి. ఆ ఫొటోలు, ఉత్తరాలు, దినచర్యలన్నిటినీ కలిపి యునెస్కో 2017లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

ఇంతవరకు విన్నది మనకు నచ్చే కథ. చదువుకున్న ఆడపిల్ల, ధైర్యం, పరిశోధన. ఇప్పుడు రెండో సగం వినాలి.

ఎడారిలో తిరిగే మనిషికి గోడల కొలతలొక్కటే తెలియవు. ఏ బావిలో నీళ్లున్నాయి, ఏ తెగకు ఏ తెగతో పగ, ఏ షేక్ మాట ఎంతదూరం చెల్లుతుంది అన్నీ తెలుస్తాయి. ఆమె అవన్నీ రాసుకుంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. టర్కీ జర్మనీ పక్షం చేరింది. 1915 నవంబరులో బ్రిటిష్ సైన్యం ఆమెను కైరోకు పిలిపించి గూఢచార విభాగంలో పనికి పెట్టింది. శాస్త్రం కోసం రాసిన నోటు పుస్తకం యుద్ధానికి పనికొచ్చింది.

1916 మొదట్లో ఆమె మళ్లీ మన దేశం వచ్చి ఢిల్లీలో వైస్రాయ్ హార్డింజ్‌ను కలిసింది. ఎందుకంటే మెసపొటేమియా యుద్ధాన్ని అప్పుడు నడిపింది భారత ప్రభుత్వమే. పోరాడినవాళ్లలో ఎక్కువమంది భారత సిపాయిలు. 1916 ఏప్రిల్ 29న కూత్ అనే ఊళ్లో సుమారు 13,000 మంది బ్రిటిష్ సైన్యం టర్కీకి లొంగిపోయింది. వాళ్లలోనూ భారతీయులే ఎక్కువ. మన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఆ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా వైపు పనిచేశారు. ఢిల్లీలో తీన్ మూర్తి అనే చౌరస్తా ఉంది కదా, అక్కడి మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సంస్థానం సైనికుడిది. కాబట్టి ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. మన వాళ్ల చెమట, నెత్తురు ఆ ఇసుకలో ఉన్నాయి.

1917 మార్చిలో బాగ్దాద్ బ్రిటిష్‌వాళ్ల చేతికొచ్చింది. బెల్ అక్కడే ఉద్యోగంలో కుదురుకుంది. సర్ పెర్సీ కాక్స్ అనే అధికారికి ప్రాచ్య వ్యవహారాల కార్యదర్శి ఆమె. ఆ ఆఫీసుల్లో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా మగవాళ్లు, ఈమె ఒక్కతే ఆడమనిషి. 1920లో నేషన్స్ లీగ్ పేరుతో ఆ దేశాన్ని బ్రిటన్‌కు అప్పగించారన్న వార్త రాగానే ప్రజలు తిరగబడ్డారు. సున్నీలు, షియాలు కలిసి లేచారు. ఆ తిరుగుబాటును అణచడానికి మన దేశం నుంచి అదనపు సైన్యాన్ని పంపారు. వేలమంది చనిపోయారు. తర్వాతి సంవత్సరాల్లో పన్ను కట్టని ఊళ్ల మీద విమానాలు బాంబులు వేశాయి.

1921 మార్చిలో కైరోలో చర్చిల్ ఒక సమావేశం పెట్టాడు. బెల్, లారెన్స్ అందులో ఉన్నారు. మక్కా షరీఫ్ కొడుకు ఫైసల్‌ను ఇరాక్‌కు రాజును చేయాలని నిర్ణయించారు. ఫైసల్ అంతకుముందు ఇరాక్‌లో ఉన్నవాడు కాదు. ఫ్రెంచివాళ్లు డమాస్కస్ నుంచి వెళ్లగొట్టిన మనిషి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగిందన్నారు, నూటికి 96 మంది సరేనన్నారని లెక్క చెప్పారు. 1921 ఆగస్టు 23న పట్టాభిషేకం జరిగింది. బస్రా, బాగ్దాద్, మోసుల్ అనే మూడు ఒట్టోమన్ రాష్ట్రాలను కలిపి ఒక దేశం చేయాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో బెల్ ముఖ్యురాలు. అక్కడి కుర్దులు ఏం కోరుకుంటున్నారన్నది ఆ లెక్కల్లో వెనక్కి పోయింది.

హైదరాబాద్ సంస్థానం గురించి చదువుకున్న మనకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. గద్దె మీద నిజాం, కోఠిలో బ్రిటిష్ రెసిడెంటు. జెండా ఒకరిది, మాట ఇంకొకరిది. బాగ్దాదులో కూడా రాజు ఫైసల్, వెనక బ్రిటిష్ హై కమిషనర్. పేర్లు మారాయి, పద్ధతి అదే. కోఠి రెసిడెన్సీ కథలో మాత్రం ఒక మంచి మలుపుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆ భవనంలో ఆడపిల్లల కళాశాల నడిచింది. మన బ్యాచ్ అమ్మాయిలే కొందరు అక్కడ చదివారు.

బెల్ గురించి ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. 1908లో ఇంగ్లండులో స్త్రీలకు ఓటు హక్కు వద్దంటూ ఒక సంఘం ఏర్పడింది. అందులో ఆమె చురుకైన కార్యకర్త. ఎడారిలో షేకులతో సరిసమానంగా కూర్చుని మాట్లాడిన మనిషి, దేశాల రాజులను నిర్ణయించిన మనిషి, తన దేశంలో మామూలు ఆడదానికి ఓటెందుకు అని వాదించింది. తాను ఎక్కిన మెట్టు తనకొక్కదానికే చాలనుకునేవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉంటారు. మన రుద్రమదేవిని చూడండి. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అని మగపేరుతోనే పిలిచాయి. గద్దె మీద ఒక స్త్రీ కూర్చున్నంత మాత్రాన ఊళ్లో మిగతా ఆడవాళ్ల బతుకు మారిపోదు. ఆ మార్పు వేరే కష్టంతో రావాలి.

ఇక ఆమె చివరి పని, నా దృష్టిలో ఆమె చేసిన పనుల్లోకెల్లా మంచిది. 1922లో ఫైసల్ ఆమెను పురావస్తు శాఖకు గౌరవ డైరెక్టరుగా నియమించాడు. అదే ఏడాది ఊర్ నగరంలో లియొనార్డ్ వూలీ తవ్వకాలు మొదలుపెట్టాడు. అంతకుముందు అలాంటి తవ్వకాల్లో దొరికినవి ఓడలెక్కి లండన్, పారిస్, బెర్లిన్ మ్యూజియాలకు పోయేవి. బెల్ 1924లో ఒక చట్టం తెచ్చింది. అనుమతి లేకుండా తవ్వకూడదు, దొరికినవాటిలో మ్యూజియానికి తప్పనిసరి అనుకున్నవాటిని మొదట ఇరాక్ తీసుకుంటుంది, మిగిలినవి పంచుకోవాలి అన్నది దాని సారం. పంపకాల రోజున ఆమే స్వయంగా వెళ్లి వూలీతో బేరమాడేది. ఒకసారి ఒక బంగారు వస్తువు ఎవరికన్నది తేలక రూపాయి బిళ్ల ఎగరేసి తేల్చుకున్నారు. బెల్ గెలిచింది. ఆ రూపాయి మన రూపాయే. 1932లో దీనార్ వచ్చేదాకా ఇరాక్‌లో చెల్లింది భారతీయ రూపాయి. ఐదు వేల ఏండ్ల నాగరికత వస్తువు ఎవరికి చెందాలో మన రూపాయి బొమ్మా బొరుసూ చెప్పింది. ఆ బేరంలో కూర్చున్న ఇద్దరూ ఇంగ్లీషువాళ్లే.

ఆ వస్తువులతో బాగ్దాదులో మ్యూజియం పెట్టింది. 1926 జూన్‌లో దాన్ని ప్రారంభించారు. సరిగ్గా నెల తిరగకముందే, జూలై 12న, నిద్రమాత్రలు మోతాదు మించి ఆమె చనిపోయింది. కావాలని మింగిందా, పొరపాటా అన్నది ఎవరూ తేల్చలేదు. ఇంకో రెండు రోజులైతే 58 ఏండ్లు నిండేవి. బాగ్దాదులోనే సమాధి చేశారు.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1930ల్లో సాతీ అల్ హుస్రీ అనే పండితుడు ఇరాక్ పురావస్తు శాఖ బాధ్యత తీసుకున్నాడు. బెల్ చట్టం సరిపోదని, విదేశీయులకు పోయే వాటా ఇంకా తగ్గాలని పట్టుబట్టాడు. 1936లో అంతకంటే గట్టి చట్టం వచ్చింది. 1958 జూలై 14న, సరిగ్గా బెల్ పుట్టినరోజునే, ఆమె నిలబెట్టిన రాజవంశాన్ని సైన్యం కూలదోసింది. 2003 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం బాగ్దాద్ చేరినప్పుడు ఆ మ్యూజియాన్ని కాపలా కాసే దిక్కులేక దుండగులు దోచుకున్నారు. సుమారు 15,000 వస్తువులు పోయాయి. వాటిలో కొన్ని వేలు తిరిగొచ్చాయి. ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

మరి ఆమెను మెచ్చుకోవాలా, తిట్టాలా? నా విద్యార్థులు ఇదే అడిగేవాళ్లు. పరీక్ష పేపరులో అయితే రెండు వైపులా రాసి మార్కులు తెచ్చుకోవచ్చు. నేను చెప్పేది వేరు. మ్యూజియం పెట్టిన చెయ్యి, సరిహద్దు గీసిన చెయ్యి ఒకటే. ఉఖైదిర్ గోడను కొలిచిన ఓపికతోనే ఆమె తెగల జాబితా రాసింది. ఒకటి శాస్త్రమైంది, ఇంకొకటి పరిపాలనైంది. ఒక నేలను బాగా తెలుసుకున్నవాడికి ఆ నేల మీద అధికారం వస్తుంది. ఆ తెలుసుకునే పని ఆ నేల మనుషులు చేయకపోతే ఇంకెవరో చేస్తారు. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, ప్రేమతోనే చేయవచ్చు. అయినా చివరి మాట వాళ్లదే అవుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అమరావతి స్తూపం శిల్పాలను 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. 1859లో వాటిలో చాలా భాగం లండన్ చేరింది. ఇవాళ నూటికి పైగా శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తెలుగు పిల్లవాడు వాటిని చూడాలంటే వీసా తీసుకోవాలి.

మన ఓరుగల్లు ప్రాంతం కథ ఇంకోలా నడిచింది. 1914లో, అంటే ఉఖైదిర్ పుస్తకం వచ్చిన ఏడాదే, నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టింది. గులాం యజ్దానీ గారు దాని మొదటి డైరెక్టరు. బెల్ బాగ్దాదులో పదవి తీసుకున్న 1922లోనే యజ్దానీ గారు పాలంపేట గుళ్ల మీద పుస్తకం వెలువరించారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిని కొలతలతో, ఫొటోలతో లోకానికి చూపించిన పుస్తకమది. ఆయన కూడా ఒక రాజు కింద, ఆ రాజు ఇంకొకరి కింద ఉన్న రోజుల్లో పనిచేశారు. కానీ ఈ నేల మీద ఉండి, ఈ సంస్థానంలో జీతం తీసుకుని, ఈ గుడిని ఇక్కడే నిలబెట్టారు. 2021 జూలైలో రామప్పకు ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు మనం పంచుకున్న మిఠాయిలో ఆయన వాటా ఉంది.

సరిహద్దుల సంగతి కూడా మనకు తెలుసు. మనం బడికెళ్లినప్పుడు రామప్ప వరంగల్ జిల్లాలో ఉండేది. 2016లో భూపాలపల్లి జిల్లాకు వెళ్లింది. 2019లో ములుగు జిల్లాకు వచ్చింది. గుడి అడుగు కూడా కదలలేదు. గీతలు మనవాళ్లే గీశారు కనుక నచ్చకపోతే ధర్నా చేయగలిగాం, అర్జీ పెట్టగలిగాం. 1921లో మోసుల్‌లోని కుర్దు రైతుకు ఆ దారి లేదు.

అందుకని ఈ స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. వేదికకు రంగులు, శిలాఫలకాలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు బడికి పాతిక కొలత టేపులు, పాతిక మంచి నోటు పుస్తకాలు కొనిద్దాం. మన బడి పిల్లలు చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల నుంచి వస్తారు. ఆ ఊళ్లలో చెరువు కట్ట మీద, తూము దగ్గర, పాత శివాలయం వెనక, బొడ్రాయి పక్కన కాకతీయుల నాటి రాళ్లు పడి ఉన్నాయి. వీరగల్లులున్నాయి, శాసనాలున్నాయి. కొన్నింటికి ఎనామిల్ పెయింటు పూశారు. కొన్నింటి మీద బట్టలుతుకుతున్నారు. గుప్తనిధుల పిచ్చితో రాత్రికి రాత్రి కొన్ని గుళ్లను తవ్వి పారేశారు. పత్రికల్లో మీరూ చదివే ఉంటారు.

ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడు తన ఊరి రాయి ఒక్కటి రాయాలి. ఎక్కడుంది, ఎటు చూస్తోంది, ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, దాని మీద ఏముంది, ఊరివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు. తెలుగులో రాయాలి. తవ్వకూడదు, కడగకూడదు, గీకకూడదు. అక్షరాల నకలు తీయడం శాఖవాళ్ల పని, వాళ్లకు కబురు చేస్తే చాలు. నేలలో ఏదైనా నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలన్నది 1878 నుంచి ఉన్న చట్టమని కూడా పిల్లలకు చెబుదాం. ఏటా ఆ పుస్తకాలు బడి లైబ్రరీలో దాచి, ఒక ప్రతి పురావస్తు శాఖకు ఇద్దాం.

ఇంకొక్క నియమం కావాలి. టేపు రెండో కొస పట్టుకున్నదెవరో, ఆ రాయి కథ చెప్పిన అవ్వ ఎవరో, దారి చూపిన గొర్లకాపరి ఎవరో వాళ్ల పేర్లు మొదటి పేజీలోనే రాయాలి. ఉఖైదిర్‌లో తుపాకీ భుజాన వేసుకుని టేపు పట్టిన మనుషుల్లో ఎంతమంది పేర్లు లోకానికి తెలుసు? ఆమె వెంట ఏండ్ల తరబడి తిరిగిన అలెప్పో నౌకరు ఫత్తూహ్ పేరు పుస్తకాలు చదివేవాళ్లకు తెలుసు, లోకానికి తెలియదు. మన పుస్తకంలో అలా జరగొద్దు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఎండలో తిరిగి రాళ్లు కొలవడం మగపిల్లల పని అని ఇంట్లో అనవచ్చు. 1909లో ఎడారిలో ఒక స్త్రీ ఆ పని చేసిందని చెప్పండి. ఆమెలోని ఆ ఓపిక తీసుకోండి, ఆ ధైర్యం తీసుకోండి. తక్కినవాళ్ల తరఫున నేనే నిర్ణయిస్తానన్న ఆ ధీమాను మాత్రం అక్కడే వదిలేయండి.

మొదటి ఐదు టేపులు, ఐదు పుస్తకాల ఖర్చు నాది. మిగతావి మీలో ఎవరెవరు ఇస్తారో భోజనాల దగ్గర కార్యదర్శి గారికి పేర్లు రాయించండి.